వడియాల మీద రంపపు పొట్టు

బెంగాలీవాళ్ళ ఆ రైల్వే ఊళ్ళో, సుభాష్‌పల్లి పేటలో నూకరాజు ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ నంబరు చెప్పరు. తిన్నగా వెళ్ళండి, టేకు వాసన తగిలిన చోట ఆగండి అంటారు. ఆగినవాడికి ముందు కనిపించేది ఇల్లు కాదు, గ్యారేజీ. ఆ గ్యారేజీలో కారు లేదు. కనీసం నూకరాజు హయాంలో ఎప్పుడూ లేదు. ఇల్లు అమ్మిన రిటైర్డు గార్డుగారికి ఒక అంబాసిడర్ ఉండేదట. దాని గుర్తుగా నేల మీద నల్లటి నూనె మరక మాత్రం మిగిలింది.

రైల్వే వర్క్‌షాపులో పెట్టెలు బాగుచేసే సెక్షనులో కార్పెంటరుగా చేసి రిటైరైన నూకరాజు, ఇల్లు చూడటానికి వచ్చిన రోజున ఆ గ్యారేజీ చూసి మిగతా ఇల్లు చూడటం మర్చిపోయాడు. వంటిల్లు ఇరుకన్న సంగతి సామాన్లు దించాక గాని బయటపడలేదు. బయటపడింది కూడా అతనికి కాదు, భార్య చిట్టెమ్మకి. ఆవిడ ఇప్పటికీ వారానికోసారి ఆ సంగతి ఎత్తుతుంది. అతను ప్రతిసారీ కొత్తగా విన్నట్టు తల ఊపుతాడు. కాపురం సాఫీగా సాగిపోతోంది.

ఉద్యోగం రిటైరైంది గాని చేతులు రిటైరవలేదు. గ్యారేజీలో పొడవాటి పనిబల్ల వేశాడు. చిన్న రంపం మిషను పెట్టాడు, చెక్కని నునుపు చేసే సాండరు కొన్నాడు, గోడకి ఉలులు, చిత్రికలు వరసగా తగిలించాడు. పీటలు చేస్తాడు, దేవుడి మందిరాలు చేస్తాడు, ఇంజనీరింగు క్యాంపస్‌లో చదివే పిల్లలకి పుస్తకాల అరలు చేస్తాడు. పక్కింటి రాధారాణి దీదీ జపానికి కూర్చునే చౌకీ అతని చేతిదే. చేసిన వస్తువుని అరచేత్తో ఒకసారి నిమిరి, ఆ తర్వాత ఎదుటి మనిషి మొహం చూస్తాడు. మెచ్చుకుంటే "ఆఁ, ఇందులో ఏటుంది" అంటాడు. మెచ్చుకోకపోతే ఆ పూట అన్నం సయించదు.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క పొట్టుతోనే చిక్కు.

పొట్టులో రకాలున్నాయి. చిత్రిక పడితే రాలేది ఉంగరాలుగా చుట్టుకుని పడిన చోటే ఉంటుంది, చీపురుకి మర్యాదగా లొంగుతుంది. రంపం కింద రాలే రవ్వ కాస్త పెంకిది, అరికాళ్ళకి అంటుకుని వంటింటిదాకా వస్తుంది. సాండరు కింద లేచే పిండి ఉందే, అదీ అసలు దొంగ. కంటికి ఆనదు, చేతికి దొరకదు. తలుపు మూస్తే సందులోంచి పోతుంది, సందు మూస్తే కిటికీలోంచి పోతుంది. టిక్కెట్టు లేని ప్రయాణికుడిలాగ, అది ఏ పెట్టెలో ఎక్కిందో ఎక్కడ దిగిందో ఎవరికీ తెలియదు.

గుడ్డల మీదా గిన్నెల మీదా పడ్డన్నాళ్ళూ చిట్టెమ్మ సణుగుతూనే భరించింది. అది వడియాల మీద పడటంతో కథ మొదలైంది.

ఆ వడియాల వ్యవహారం ప్రణవితో వచ్చింది. ప్రణవిది ఖమ్మం, క్యాంపస్‌లో పరిశోధన చేస్తోంది. ఒకసారి పుస్తకాల అర కోసం వచ్చి సరిగ్గా భోజనాల వేళకి దొరికిపోయింది. చిట్టెమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి పప్పన్నంలోకి గుమ్మడి వడియాలు వేయించి పెట్టింది. ఆ పిల్ల మొదటి వడియం కొరికి, మాట ఆపేసి, కళ్ళు మూసుకుంది. ఆ వారం తిరిగేసరికి హాస్టళ్ళలో ఉన్న తెలుగువాళ్ళందరి ఫోన్లలోనూ చిట్టెమ్మ నంబరు చేరింది. చలి వెనక్కి తగ్గి ఎండ హాయిగా ఉండే రోజులు అవి. మేడ నిండా గుమ్మడి వడియాలు, మినప వడియాలు, మజ్జిగలో ఊరిన మిరపకాయలు. ప్రేమ్ బజార్‌లో కూరలకి వెళితే ఎవరో ఒక కుర్రాడు సైకిల్ ఆపి "ఆంటీ, నా వాటా ఉంచారా?" అని అడిగేవాడు. చిట్టెమ్మ నడకే మారిపోయింది.

ఆ ఇంట్లో గోడ గడియారం ఉంది గాని దాని మాట ఎవరూ వినరు. వర్క్‌షాపు సైరనే వాళ్ళ గడియారం. మధ్యాహ్నం సైరన్ మోగిందంటే రంపం పలక మధ్యలో ఉన్నా సరే నూకరాజు చెయ్యి ఆగిపోతుంది. మేడ మెట్లెక్కుతాడు. అప్పటిదాకా పైన కాకుల్ని తోలుతున్న చిట్టెమ్మ అన్నం తేవడానికి కిందికి దిగుతుంది. మెట్ల మధ్యలో ఒకరికొకరు దారిచ్చుకుంటారు. ఆవిడ గిన్నెలతో పైకొచ్చేసరికి అతను నీళ్ళ ట్యాంకు పక్కన చాప వేసుకుని బుద్ధిమంతుడిలా కూర్చుని ఉంటాడు. వీపుకి ఎండ కాగుతూ తింటారు. రోజు మొత్తం మీద వాళ్ళిద్దరూ పోట్లాడుకోని సమయం అదొక్కటే.

ఒకరోజు పొద్దున్నే చిట్టెమ్మ ఫోనుకి ప్రణవి పంపిన ఫొటో వచ్చింది. వేయించిన వడియం, దాని మీద గోధుమరంగు చారలు. కింద ఇలా రాసి ఉంది: "ఆంటీ, ఈసారి కొత్తగా ఏమైనా కలిపారా? జీలకర్ర అనుకున్నాను, కానీ కొరికితే కుర్చీ రుచి వస్తోంది."

చిట్టెమ్మ ఫోను పట్టుకుని మెట్లు దిగి గ్యారేజీ గేటు ముందు నిలబడింది. లోపలికి అడుగు పెట్టదు. ఆ గ్యారేజీలో రంపం దిగిన రోజు నుంచీ ఆవిడ మాటలన్నీ గేటు బయటి నుంచే.

"ఇదేటి?" అంది.

నూకరాజు ఫోను చేయి చాచినంత దూరంలో పట్టుకుని, కళ్ళు చిట్లించి, ఫొటో పెద్దది చేసి చూశాడు. "టేకు," అన్నాడు. అక్కడ ఆగితే బాగుండేది. పనివాడి నోరు ఊరుకోలేదు. "మంచి టేకే."

చిట్టెమ్మ ఒంటికాలి మీద లేచింది. "నా వడియాల్లో టేకు మంచిదో సెడ్డదో నీకెందుకయ్యా? సూడు, ఒక్కపాలే సెప్తన్నాను. ఇంకోసారి నా వడియాల మీద నీ పొట్టు కనపడిందా, ఈ గ్యారేజీకి తాళమే. నీ రంపాలూ నీ సుత్తులూ అటకెక్కుతాయి. ఇది నా వడియాల గొడౌన్ అవుద్ది."

"ఒలే, నవ్వులాటకి అంటన్నావా?"

"నా మొగం నవ్వుతున్నట్టుందేటి?"

లేదు. ఆవిడ ఒకప్పుడు బీడీల గురించి కూడా అదే మొహంతో, అదే గొంతుతో ఒక్కసారే చెప్పింది. నూకరాజు మళ్ళీ బీడీ ముట్టలేదు. ఇప్పుడు గ్యారేజీ వంతు వచ్చిందంటే అతని గుండెల్లో రాయి పడింది. వీధి గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వచ్చేపోయే బ్యాటరీ టోటో రిక్షాల్ని చూస్తూ, మధ్యాహ్నానికే ఆవలించే రిటైర్డు మనుషులు ఆ వీధిలో బోలెడంతమంది. వాళ్ళ పక్కన తన కుర్చీని ఊహించుకున్నాడు. చెక్క కుర్చీ కూడా కాదు, ప్లాస్టిక్‌దే.

ఆ రోజే యుద్ధం మొదలుపెట్టాడు. మొదట గోనె సంచులు చీల్చి, కుట్టి, నీళ్ళలో ముంచి గేటుకి తెరలా వేలాడదీశాడు. పొట్టు చాలావరకు దానికి అంటుకుని ఆగింది. తడి మాత్రం ఆగలేదు. లోపలున్న చెక్కంతా ఆ తడి పీల్చుకుని ఉబ్బింది. ఎవరికో చేసిన బల్ల సొరుగు బిగుసుకుపోయి, అందులో కళ్ళజోడు పెట్టి మూసిన పెద్దమనిషి కళ్ళజోడు లేకుండా తడుముకుంటూ వచ్చాడు. పైగా గ్యారేజీ అంతా తడిసిన మేక వాసన. తెర ఎక్కిన వారానికే దిగిపోయింది.

తర్వాత గాలిని నమ్ముకున్నాడు. వెనక గోడకున్న వెంటిలేటర్లో ఎగ్జాస్టు ఫ్యాను బిగించాడు. చిట్టెమ్మ మేడ ఒకవైపు, ఫ్యాను ఊదేది రెండోవైపు, ఇక పేచీ ఏముందనుకున్నాడు. రెండోవైపు ఏముందో చూడాలన్న ఆలోచన రాలేదు. అక్కడ రాధారాణి దీదీ పెరడు ఉంది. పెరట్లో నవారు మంచం మీద తెల్లటి గుడ్డ పరిచి ఆవిడ బొరి పెట్టుకుంది. బొరి అంటే బెంగాలీవాళ్ళ పప్పు వడియాలే, చేపల పులుసులో వేసుకుంటారు.

సాయంత్రానికి దీదీ ఇత్తడి పళ్ళెంతో వచ్చింది. ఇన్నేళ్ళు తెలుగువాళ్ళ పక్కన ఉండి తెలుగు నేర్చిన మనిషి. కోపమొస్తే మాత్రం సగం బెంగాలీలోకి జారిపోతుంది. "దాదా, ఎ కీ, ఇదేమిటి! నేను బొరి పెట్టాను, మీరు మసాలా చల్లారు. భాలో, బాగుంది. ఇప్పుడు మీరే తినండి." పళ్ళెం పనిబల్ల మీద పెట్టి వెనక్కి తిరిగింది. గేటు బయట చిట్టెమ్మ నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాట అక్కర్లేకుండానే ఒకరి బాధ ఒకరికి తెలిసిపోయింది. అదివరకు ఒక్క శత్రువుతో వేగలేకపోతున్న నూకరాజుకి ఇప్పుడు ఇద్దరయ్యారు. ఫ్యాను ఆ పూటే ఊడింది.

రెండు రోజులు చెక్క ముట్టకుండా ఆలోచించాడు. పొట్టు గాల్లోకి లేచాక దాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు, లేవకముందే పీల్చెయ్యాలి అని తేల్చాడు. నిమ్‌పురా లోకో షెడ్డులో పనిచేసే కొడుకు రాజశేఖర్ తల్లి కోసమని కొనిచ్చిన వాక్యూమ్ క్లీనరు ఒకటి అట్టపెట్టెలోనే పడి ఉంది. దాని అరుపు వింటే తలనొప్పి వస్తుందని చిట్టెమ్మ ఎప్పుడూ దాన్ని తీయలేదు. నూకరాజు దాని గొట్టాన్ని తెచ్చి సాండరుకి తగిలించాడు. చక్కగా పీల్చింది. కాసేపటికే లోపలి సంచి నిండి, దగ్గి, ఆగిపోయింది.

ఫోన్లో ఎవరో టోపీ పెట్టుకున్న దొరగారు ఇలాంటి పనే చేస్తున్న వీడియో దొరికింది. ఆయన మాట ఒక్క ముక్క అర్థం కాలేదు గాని చేతులు అర్థమయ్యాయి. సాండరుకీ క్లీనరుకీ మధ్య మూత ఉన్న డ్రమ్ము పెట్టాలి. గాలి మూతలోంచి ఏటవాలుగా లోపలికి దూరి గిర్రున తిరగాలి. తిరిగే గాలిలోంచి బరువైన పొట్టు అడుగుకి రాలిపోవాలి, ఉత్త గాలి మాత్రమే క్లీనరుకి పోవాలి. "వాక్యూమ్ సంగతి నాకు సెప్తావేటి దొరా," అన్నాడు నూకరాజు ఫోనుతో. "వాక్యూమ్ బ్రేకు మీద బళ్ళు ఆగిన కాలం నుంచీ ఉన్నోణ్ణి."

పాత పెయింటు ప్లాస్టిక్ డ్రమ్ముకి రెండు గొట్టాలు బిగించి స్విచ్చి వేశాడు. డ్రమ్ము ఒక్క క్షణం ఆలోచించి, ఢబ్బుమని డొక్కలు లోపలికి లాక్కుని నలిగిపోయింది. వాక్యూమ్ తెలిసిన మనిషికి జరగాల్సిన అవమానం కాదది. చుట్టూ చూశాడు, ఎవరూ లేరు. చప్పుడు చేయకుండా వెళ్ళి ఇనప డ్రమ్ము తెచ్చాడు. ఇది నలగలేదు. కానీ అతుకుల దగ్గర ఎక్కడో గాలి కారుతోంది, లాగుడు సరిపోవడం లేదు. కారేచోటు పట్టుకోవడానికి అగరొత్తి వెలిగించి, పొగ ఎటు లాగుతుందో చూస్తూ డ్రమ్ము చుట్టూ మెల్లగా తిప్పసాగాడు.

గేటు బయటి నుంచి చిట్టెమ్మ చూసి ముక్కున వేలేసుకుంది. "ఓలమ్మో! డ్రమ్ముకి పూజ సేస్తన్నావేటయ్యా? కొబ్బరికాయ కూడా కొట్టకపోయావా?"

"ఒలే, మాటాడకు. పొగ సెదిరిపోతంది."

అతుకులన్నీ మూశాక స్విచ్చి వేస్తే గ్యారేజీలో ఒక కొత్త సంగతి జరిగింది. సాండరు తిరుగుతోంది, చెక్క నున్నబడుతోంది, గాల్లో మాత్రం ఏమీ లేదు. బల్ల మీద వేలు రాసి చూశాడు. వేలికి ఏమీ అంటలేదు. డ్రమ్ము మూత తీస్తే అడుగున శనగపిండి పోసినట్టు పసుప్పచ్చటి పొట్టు. పిల్లాడు నెల జీతం తెచ్చి చేతిలో పోసినంత సంబరపడ్డాడు. అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం పని ఆపగానే మూత తీసి, తల లోపలికి పెట్టి, ఎంత పట్టుకుందో కళ్ళారా చూసుకోవడం, చేత్తో ఒకసారి ఎగదోసి చూసి మురిసిపోవడం అతనికి అలవాటైంది.

ఆ మురిపెం నాలుగు రోజులు కూడా నిలవలేదు. చిట్టెమ్మ వచ్చి, గేటు సందులోంచి చేయి చాపి బల్ల అంచున ఒక వడియం పెట్టింది. దాని పక్కన ఇనప తాళం పెట్టింది. వడియం మీద పల్చగా, పసుప్పచ్చగా, అదే పిండి.

"ఇది నాది కాదు," అన్నాడు నూకరాజు.

"కాకులు తెచ్చి అద్దినాయేటి?"

"అమ్మతోడే, నాది కాదు. నా పొట్టు ఒక్క రవ్వ బయటికి పోనేదు. ఇదిగో, డ్రమ్ము సూడు. ఇదెక్కడో రైలు దుమ్మయ్యుంటాది. ఎవడో గోడ గీకుతున్నాడేమో."

అతని గొంతులో బొంకు లేదు, నిజమైన బెంగ ఉంది. చిట్టెమ్మకి కూడా అది వినిపించింది, అందుకే తాళం వెంటనే వేయలేదు. నూకరాజు ఆ సందు చూసి బతిమాలుకున్నాడు. "రేపు పరీక్ష పెట్టు. మేడ మీద వడియాల పక్కన నా తెల్ల పంచె పరిసి ఉంచు. నాను కింద పొద్దుటి నుంచీ సాండరు ఆపకుండా తిప్పుతాను. నువ్వు కళ్ళల్లో ఒత్తులేసుకోని కాపలా కాయి. దీదీని కూడా పిలు. పంచె మీద పొట్టు పడిందా, తాళం చెవి నానే తెచ్చి నీ సేతిలో ఎడతాను."

పరీక్ష రోజున చిట్టెమ్మ వంట పెందలాడే ముగించి గిన్నెలు మేడ మీదికే తెచ్చేసుకుంది. క్షణం కూడా కాపలా వదలకూడదని ఆవిడ పట్టుదల. నీళ్ళ ట్యాంకు పక్కన పంచె పరిచి, నాలుగు మూలలా మరచెంబులూ గ్లాసులూ బరువు పెట్టింది. రాధారాణి దీదీ తన బొరి గిన్నె ఒడిలో పెట్టుకుని న్యాయమూర్తిలా కూర్చుంది. తన వడియాల పొట్లం తీసుకుపోవడానికి వచ్చిన ప్రణవి కూడా విషయం విని, ల్యాబుకి ఫోను చేసి ఏదో సాకు చెప్పి, పిట్టగోడ దగ్గర నిలబడిపోయింది.

కింద నూకరాజు ఒళ్ళు దాచుకోలేదు. ఒక టేకు పలక నునుపైపోతే ఇంకొకటి ఎత్తాడు. అక్కర్లేని పలకలు కూడా నునుపు చేశాడు. సాండరు రోద మధ్యలో చెవులు మాత్రం మేడ మీదే ఉన్నాయి. మధ్యమధ్య ప్రణవి తొంగిచూసి కేక వేసేది.

"అంకుల్, క్లీన్!"

కాసేపాగి మళ్ళీ, "ఇంకా క్లీనే అంకుల్! దీదీ కళ్ళజోడు పెట్టుకుని చూసింది!"

కేక విన్నప్పుడల్లా అతని ఛాతీ ఒక అంగుళం పెరిగింది. గ్యారేజీ దక్కినట్టే. అంతలో సైరన్ మోగింది. సాండరు ఆపేశాడు. డ్రమ్ము మూత తీసి, తల పెట్టి చూసి, ఆ పొట్టుని రెండు చేతులా ఎత్తి మళ్ళీ జారవిడిచి, "శభాష్" అని డ్రమ్ము వీపు తట్టాడు. మీసం సవరించుకుంటూ మెట్లెక్కాడు. దారిలో చిట్టెమ్మ ఎదురుపడలేదని అతనికి తోచనైనా లేదు.

పైన పంచె ఉతికి ఆరేసినంత తెల్లగా ఉంది. ముగ్గురూ తనవైపే చూస్తున్నారు. చిట్టెమ్మ మొహంలో కూడా ఓడిపోయినవాళ్ళ మెతకదనం కనిపించింది. నూకరాజు జన్మ ధన్యమైపోయింది. ఇక భోజనమే తరువాయి.

వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉండేది. సైరన్ మోగాక ఎంత ఆకలేసినా ఎవడూ తిన్నగా అన్నం మీదికి పోకూడదు. ముందు షెడ్డు వదిలి బయటికి, ఆకాశం కిందికి రావాలి. తల దులుపుకోవాలి, భుజాలు దులుపుకోవాలి, తువ్వాలు తీసి ఒంటి మీద నాలుగు చరుపులు చరిచి, చివరికి ఆ తువ్వాలునే గట్టిగా విదిలించాలి. చేరిన కొత్తలో ఒకసారి మరిచిపోతే మేస్త్రీ అప్పలకొండ వీపు మీద ఒక్కటిచ్చి నేర్పాడు. ఆ దెబ్బ తర్వాత నూకరాజు దులుపుకోకుండా ఒక్క మెతుకు ముట్టలేదు. శుభ్రం అంటే అతనికి అదే. ఇంట్లో ఆకాశం కిందికి రావడం అంటే మేడ మీదికి రావడమే.

తువ్వాలు భుజం మీంచి చేతిలోకి దానంతటదే వచ్చింది. ఎండ మొహాన పడకుండా కళ్ళు మూసుకుని తల దులుపుకున్నాడు. భుజాలు దులుపుకున్నాడు. ఛట్ ఛట్ మని లుంగీ మీద చరుచుకున్నాడు. ఆఖరికి తువ్వాలుని రెండు చేతులా పట్టి గాల్లో విదిలించాడు. ఎండలో పసుప్పచ్చటి మబ్బు ఒకటి లేచి, తీరిగ్గా సాగి, పంచె మీద వాలింది. మిగిలింది వడియాల మీద వాలింది. ఆఖరి చిటికెడు దీదీ ఒడిలోని బొరి గిన్నెలో పడింది.

నూకరాజు కళ్ళు తెరిచేసరికి ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. మెషీను పనితనానికే అబ్బురపడుతున్నారనుకున్నాడు.

"ఏటి, ఎలాగుంది నా వాక్యూమ్?" అన్నాడు.

"ఓ మా గో!" అని దీదీ గిన్నె పక్కన పెట్టి నవ్వటం మొదలుపెట్టింది. ప్రణవి పిట్టగోడకి జారగిలబడి కింద కూర్చుండిపోయింది, నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంటోంది. నవ్వనిది చిట్టెమ్మ ఒక్కతే. వేలు చాచి పంచె చూపించింది. నూకరాజు పంచె వైపు చూశాడు. చేతిలో తువ్వాలు చూశాడు. మళ్ళీ పంచె చూశాడు. ఏడుకొండలవాడే దిగివచ్చి చెప్పినా నమ్మని సంగతిని ఆ పంచె చెప్పేసింది.

"అయితే ఇన్నాళ్ళూ..." అన్నాడు.

"ఇన్నాళ్ళూ నువ్వే," అంది చిట్టెమ్మ. "నాను అన్నానికి దిగ్గానే నువ్వు పైకొచ్చి నా వడియాలకి పౌడరు అద్దుతన్నావు."

తెర కుట్టి, ఫ్యాను బిగించి, డ్రమ్ము చుట్టూ పొగ తిప్పి, అన్ని సందులూ మూసిన మనిషి, దొంగని రోజూ తనే భుజాన వేసుకుని మేడెక్కించాడు. మాటంటే మాట. మొలతాడుకి కట్టుకున్న గ్యారేజీ తాళం చెవి విప్పి ఆవిడ ముందు పెట్టాడు. నవ్వుతున్న ఇద్దరూ అది చూసి నవ్వటం మానేశారు.

చిట్టెమ్మ తాళం చెవి వైపు చూసింది, అతని వైపు చూసింది. అతని కనుబొమల మీద ఇంకా పొట్టు ఉంది.

"పొద్దుటి నుంచీ మెషీను తిప్పినా పంచె మీద రవ్వ పడనేదు. నా కళ్ళతో సూసినాను," అంది. "మెషీను నెగ్గింది, నువ్వు ఓడినావు. తప్పు సేసినోణ్ణి ఒగ్గేసి గ్యారేజీకి తాళం ఎయ్యడమేటి? నీ తాళంసెవి నువ్వే ఉంచుకో. వడియాలు ఎండినన్నాళ్ళూ నువ్వు మాత్రం ఈ మేడెక్కడానికి లేదు. మెట్ల మీద కాలెట్టినావా, సూడు."

"ఠీక్ హై!" అన్నాడు నూకరాజు, ఆవిడ మనసు మారేలోపు తాళం చెవి లాక్కుని. మెట్లు రెండేసి చొప్పున దిగాడు. ఆ సాయంత్రం వీధిలో ఎవరు కనిపిస్తే వాళ్ళని ఆపి డ్రమ్ము చూపించాడు.

మర్నాడు కూడా హుషారుగానే మొదలైంది. సాండరు తిరిగింది, పొట్టు డ్రమ్ములో పడింది, గ్యారేజీ అద్దంలా ఉంది. మధ్యాహ్నం సైరన్ మోగింది. సాండరు ఆపి, డ్రమ్ము వైపు పోకుండా వీధిలోకి వెళ్ళి, గాలివాటు చూసుకుని మరీ, శుభ్రంగా దులుపుకున్నాడు. వెనక్కి తిరిగి మెట్ల వైపు నడిచాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టాక గుర్తొచ్చింది. కాలు వెనక్కి తీసుకున్నాడు.

గ్యారేజీలోకి వచ్చి, సగం చేసిన స్టూలు మీద కూర్చున్నాడు. పైన చిట్టెమ్మ కాకుల్ని అదిలిస్తున్న గొంతు, గాజుల చప్పుడు వినిపిస్తున్నాయి. ఈ వేళకి చాప వేసుకుని కూర్చునేవాడు. ఆవిడ మూత తీసేది, ఇవాళ ఏం కూరో ముందు వాసనతో కనిపెట్టి చెప్పేవాడు, తప్పు చెబితే ఆవిడ నవ్వేది. గ్యారేజీ కోసం ఇన్ని పాట్లు పడ్డాడే గాని, పోతే దిగులేసేది ఇంకొకటి ఉందని ఇన్నాళ్ళూ తట్టలేదు. అన్నం ఎక్కడైనా తినొచ్చు. ఆవిడ ఎదురుగా కూర్చోకపోతే ఎలా తినాలో అతనికి తెలియలేదు. ఏడుపొచ్చినంత పనైంది. ఆ వయసులో గ్యారేజీలో కూర్చుని ఏడిస్తే ఎవరైనా చూస్తే బాగుండదని చిత్రిక తీసి ఊరికే తుడవడం మొదలుపెట్టాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు దిగింది. వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడైంది. ఆ చప్పుడు మళ్ళీ మెట్ల వైపు పోలేదు, ఇటు వచ్చింది.

చిట్టెమ్మ గేటు దగ్గర ఆగింది. ఎప్పుడూ ఆగే చోటే. ఒక చేతిలో గిన్నెలు, ఒక చేతిలో రెండు పళ్ళాలు. గేటు మోచేత్తో తోసుకుని లోపలికి వచ్చేసింది. పళ్ళాలు పట్టుకున్న చేత్తోనే పనిబల్ల మీద వేళ్ళు రాసి, వేళ్ళు తిప్పి చూసుకుంది. గిన్నెలు బల్ల మీద దించింది.

నూకరాజు కంగారుగా లేచాడు. "ఏటే, పైన వడియాలు?"

"దీదీ కూకుంది కాపలా."

"మరి మేడ మీద ఎండ హాయిగా ఉంటాది కదా. ఇక్కడికెందుకు ఈ గిన్నెలన్నీ మోసుకోని?"

చిట్టెమ్మ పళ్ళాలు బల్ల మీద పెట్టింది. అన్నం వడ్డించింది. పప్పు పోసింది. పోస్తూ, అతని వైపు చూడకుండా అంది.

"పెళ్ళయిన కాడ్నుంచీ నీ క్యారేజీ కట్టి పంపినాను. ఇశ్వకర్మ పూజకి తీసుకెళ్ళి దండలేసిన మెషీన్లు సూపించినావు గాని, నువ్వెక్కడ కూకోని తింటావో ఒక్కనాడూ సూపించనేదు. కట్టినప్పుడల్లా అనుకునీదాన్ని, ఎక్కడ కూకోని తింటన్నాడో అని." బల్లని కళ్ళతో కొలిచింది. "ఇలాటి బల్ల మీదేనా?"

నూకరాజు బల్ల అంచుని అరచేత్తో ఒకసారి నిమిరాడు.

"ఇలాటిదే," అన్నాడు. "కిటికీ ఇటుండీది. నాను ఈ మూల కూకునీవోణ్ణి. ఈ పక్కన ఎవుడూ ఉండీవోడు కాదు."

చిట్టెమ్మ తన పళ్ళెం ఆ పక్కకి జరుపుకుని కూర్చుంది.